టెక్సస్ చట్టసభ సభ్యులకు బహిరంగ లేఖ: కాంగ్రెస్ నియోజకవర్గాల గీతలు ఇక మీరు గీయవద్దు

టెక్సస్ ప్రతినిధుల సభలోని 150 మందికి, సెనేట్‌లోని 31 మందికి,

నమస్కారం.

2025 ఆగస్టులో మీరు ఆమోదించిన అమెరికా కాంగ్రెస్ నియోజకవర్గాల కొత్త మ్యాపు గురించి ఈ ఉత్తరం. నేను కాలిన్ కౌంటీలో ఉంటున్న తెలుగువాణ్ణి, ఈ దేశ పౌరుణ్ణి, ఓటరుని. ఇదే ఉత్తరం ఇంగ్లీషులో మీకు విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా ఎందుకంటే, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కొపెల్, షుగర్‌ల్యాండ్, రౌండ్‌రాక్‌లలో ఓటున్న మా వాళ్ళు చాలామంది దీన్ని రెండు పార్టీల తగాదా అనుకుని పక్కన పెట్టేశారు. పిల్లల దగ్గరికొచ్చి ఇక్కడే పౌరసత్వం తీసుకున్న పెద్దవాళ్ళకైతే ఈ సంగతే తెలియదు. వాళ్ళకీ ఇది చేరాలి. నేను ఏ పార్టీ తరఫునా రాయడం లేదు. కింద చెప్పబోయే తప్పుల్లో రెండు పార్టీలవీ ఉన్నాయి.

ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను.

2025 జులైలో టెక్సస్ ప్రతినిధుల సభ కమిటీ మూడు ఊళ్ళలో ప్రజాభిప్రాయం అడిగింది. 24న ఆస్టిన్, 26న హ్యూస్టన్, 28న ఆర్లింగ్టన్. గంటలకొద్దీ వరసలో నిలబడి మాట్లాడినవాళ్ళలో అత్యధికులు పునర్విభజన వద్దన్నారు. అయితే వాళ్ళ ముందు మ్యాపు లేదు. ఏ గీత ఎక్కడ మారుతుందో, ఏ వీధి ఎటు పోతుందో తెలియకుండానే మాట్లాడారు. మ్యాపు జులై 30న బయటికొచ్చింది, అంటే ఊళ్ళలో సభలు ముగిశాక. కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు, లేకుండా చేయడానికి డెమొక్రాట్ సభ్యులు ఆగస్టు 3న రాష్ట్రం దాటి వెళ్ళారు, రెండు వారాలకు తిరిగొచ్చారు. ఆగస్టు 20న 88–52 ఓట్లతో ప్రతినిధుల సభ, 23న సెనేట్ ఆమోదించాయి. 29న గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం పెట్టారు. నవంబర్ 18న ముగ్గురు జడ్జీల ఫెడరల్ ధర్మాసనం 2–1 తీర్పుతో ఈ మ్యాపును ఆపింది. డిసెంబర్ 4న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసి, 2026 ఎన్నికలు కొత్త మ్యాపు మీదే జరగనిచ్చింది. నామినేషన్ల గడువు డిసెంబర్ 8. ఎవరు ఎక్కడ నిలబడాలో తేలింది గడువుకు నాలుగు రోజుల ముందు.

ఉద్దేశాన్ని ఎవరూ దాచలేదు. 2024లో టెక్సస్‌లోని 38 సీట్లలో 25 రిపబ్లికన్లకు వచ్చాయి. ఇంకో 5 కావాలని అధ్యక్షుడు ట్రంప్ బహిరంగంగానే అడిగారు. ఆ అయిదూ ఎవరివో మ్యాపు చూస్తే తెలుస్తుంది: డెమొక్రాట్లు గెలిచిన 9, 28, 32, 34, 35 నియోజకవర్గాలు.

నా అభ్యంతరం సీట్ల లెక్కతో ఆగిపోదు. అమెరికా ప్రతినిధుల సభలో మళ్ళీ పోటీ చేసే సిట్టింగ్ సభ్యుల్లో మామూలుగా నూటికి తొంభై మందికి పైగానే గెలుస్తారు. జనానికి పేరు తెలిసి ఉంటుంది, విరాళాలు వస్తాయి, చేసిపెట్టిన పనులు గుర్తుంటాయి. అలాంటి సభ్యుణ్ణి ఇంటికి పంపాలంటే ఓటర్లు చాలా కష్టపడాలి. గీత గీసేవాడికి ఆ కష్టం లేదు. ఎవరి గెలుపును ఖాయం చేయాలో, ఎవరి కాళ్ళ కింద నేల తీసేయాలో అతను ఒక్క మధ్యాహ్నంలో తేల్చగలడు. టెక్సస్‌లో గత పాతికేళ్ళలో ఈ రెండు పనులూ జరిగాయి.

తీసేసిన కథ 2003ది. 2002లో టెక్సస్ నుంచి 17 మంది డెమొక్రాట్లు, 15 మంది రిపబ్లికన్లు గెలిచారు. మ్యాపు మార్చడానికి కారణమయ్యే పదేళ్ళ జనగణన ఏమీ లేకుండానే, కాంగ్రెస్‌లో రిపబ్లికన్ నాయకుడు టామ్ డిలే పట్టుబట్టి మ్యాపు మార్పించారు. అప్పుడు కూడా డెమొక్రాట్లు ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్‌కు ఒకసారి, న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీకి ఒకసారి వెళ్ళిపోయారు. అప్పుడూ మ్యాపు ఆగలేదు. 2004లో లెక్క 21–11గా తిరగబడింది. 1979 నుంచి అమెరికా ప్రతినిధుల సభలో ఉన్న మార్టిన్ ఫ్రాస్ట్, చార్లీ స్టెన్‌హోమ్ ఓడిపోయారు. మాక్స్ శాండ్లిన్, నిక్ లాంప్సన్ ఓడిపోయారు. జిమ్ టర్నర్ పోటీయే చేయలేదు. రాల్ఫ్ హాల్ పార్టీ మారిపోయారు. క్రిస్ బెల్ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే, ఓడారు. వీళ్ళలో స్టెన్‌హోమ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సభ వ్యవసాయ కమిటీలో ఆయన డెమొక్రాట్ల పెద్ద. పశ్చిమ టెక్సస్ పత్తి రైతులకు ఇరవై అయిదేళ్ళ అనుభవమున్న మనిషి. ఆయన నేలను ముక్కలు చేసి, ఇంకో సిట్టింగ్ సభ్యుడు రాండీ న్యూగెబావర్‌తో తలపడేట్టు చేశారు. ఆ ప్రాంతపు ఓటర్లు ఆయన పని బాగా లేదని తీర్పు చెప్పి పంపారా అంటే, లేదు. ఓటర్లనే మార్చేశారు.

కాపాడిన కథ 2021ది. ఇది తక్కువమందికి గుర్తుంది, ఎందుకంటే ఎవరూ ఏడవలేదు. 2020 జనగణనలో టెక్సస్ జనాభా పదేళ్ళలో దాదాపు 40 లక్షలు పెరిగి, కొత్తగా రెండు సీట్లు వచ్చాయి. ఆ పెరుగుదలలో నూటికి తొంభై అయిదు వంతులు తెల్లవారు కానివాళ్ళది, అందులో మేమూ ఉన్నాం. అప్పుడు గీసిన మ్యాపులో రెండు పార్టీల సిట్టింగ్ సభ్యులకూ కోటగోడలు లేచాయి. డాలస్, ఫోర్ట్ వర్త్ నగరాల మధ్య ఉన్న 24వ నియోజకవర్గంలో 2020లో బెత్ వాన్ డ్యూన్ ఒకటిన్నర శాతం కూడా లేని తేడాతో బయటపడ్డారు, 2022లో ఆమెకు 60 శాతం దాకా వచ్చాయి. హ్యూస్టన్ శివార్లలోని 22లో ట్రాయ్ నెల్స్ 51 శాతం నుంచి 62కు వెళ్ళారు. అటు డెమొక్రాట్లలో డాలస్‌లో 32వ నియోజకవర్గం కాలిన్ ఆల్‌రెడ్ 52 నుంచి 65కు, హ్యూస్టన్‌లో 7వ నియోజకవర్గం లిజీ ఫ్లెచర్ 51 నుంచి 64కు ఎక్కారు. రెండేళ్ళలో ఈ నలుగురి పని మీద జనానికి ఒక్కసారిగా ప్రేమ పుట్టలేదు. గీతలు మారాయి, అంతే.

ఆ 22వ నియోజకవర్గంలోనే, ఫోర్ట్ బెండ్ కౌంటీ వైపు, 2018లో డెమొక్రాట్ అభ్యర్థి శ్రీ ప్రెస్టన్ కులకర్ణి అయిదు శాతం తేడా దాకా వచ్చి ఓడారు. ఆయన బృందం దక్షిణాసియా భాషల్లో ఓటర్లకు ఫోన్లు చేసింది. మా వాళ్ళలో ఎంతోమందిని ఒక అభ్యర్థి ఓటు అడగడం అదే మొదటిసారి. గెలుపోటములు పక్కన పెట్టండి, పోటీ గట్టిగా ఉంది కాబట్టే అడిగారు. గీత మారాక అక్కడ మా ఓటు ఎవరికీ అత్యవసరం కాలేదు.

ఇక 2025. ఆస్టిన్‌లోని ఇద్దరు సిట్టింగ్ సభ్యులు లాయిడ్ డాగెట్, గ్రెగ్ కసార్ ఒకే నియోజకవర్గానికి మిగిలారు. 1995 నుంచి సభలో ఉన్న డాగెట్ మ్యాపు నిలిస్తే తప్పుకుంటానన్నారు. 2003 మ్యాపు ఆయన్ని ఆస్టిన్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా సాగదీసిన నియోజకవర్గానికి పంపితే నిలదొక్కుకుని గెలిచిన మనిషి ఆయన. హ్యూస్టన్‌లో ఆల్ గ్రీన్ 9వ నియోజకవర్గాన్ని ఆయన ఓటర్ల నుంచి తీసి ఇంకెక్కడో పెట్టారు. 2004లో క్రిస్ బెల్‌ను ప్రైమరీలో ఓడించి ఆల్ గ్రీన్ సభకు వచ్చింది, డిలే గీయించిన మ్యాపు మీదే. గీత తెచ్చినవాణ్ణి గీతే తీసింది, మధ్యలో ఇరవై ఏళ్ళు ఆయన్నే ఎన్నుకున్న ఓటర్లను ఎవరూ అడగలేదు. డాలస్‌లో జూలీ జాన్సన్ 32ను తూర్పు టెక్సస్ పల్లెల దాకా లాగారు. మార్క్ వీసీ 33 నుంచి ఆయన ఊరు ఫోర్ట్ వర్త్‌నే తీసేశారు.

సభ్యుల ఉద్యోగాలు పోవడం గురించి నాకు పెద్ద బాధ లేదు, అది వాళ్ళు ఎంచుకున్న దారి. మామూలు జనానికి జరుగుతున్నది మీ ముందు పెట్టడానికే ఈ ఉత్తరం.

1. కష్టమొచ్చినప్పుడు తలుపు తట్టే ఇల్లు మారిపోతుంది.

కాంగ్రెస్ సభ్యుడంటే వాషింగ్టన్‌లో ఓటేసే మనిషి అని పైవాళ్ళు అనుకుంటారు. మాలాంటివాళ్ళకు ఆయన స్థానిక ఆఫీసు అంతకంటే ముఖ్యం. ఇండియాలో తండ్రి ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు అత్యవసరంగా అడ్వాన్స్ పెరోల్ (వెళ్ళి తిరిగొచ్చేందుకు ముందస్తు అనుమతి) కావాలన్నా, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న భార్య పని అనుమతి, వలస దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్‌లో నెలలకొద్దీ ఆగి ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చినా, పాస్‌పోర్టు సమయానికి రాకపోయినా, వృద్ధులకు సోషల్ సెక్యూరిటీ చిక్కుపడినా, ఆ ఆఫీసులో సమ్మతి పత్రం మీద సంతకం పెట్టి ఇస్తే వాళ్ళు ఏజెన్సీకి ఫోన్ చేసి అడుగుతారు. ఓటు లేని గ్రీన్ కార్డువాళ్ళకీ, హెచ్1బీ వాళ్ళకీ కూడా చేస్తారు. నియోజకవర్గంలో ఉంటే చాలు.

గీత మారితే ఇది మొదటికొస్తుంది. ఫైలు సగంలో ఉండగా "మీరిప్పుడు మా పరిధిలో లేరు" అంటారు. మా వీధిలో ఒక కుటుంబానికి 2021 మార్పు తర్వాత ఇదే జరిగింది. పాత ఆఫీసులో వాళ్ళ కేసు మొత్తం తెలిసిన ఉద్యోగిని ఉండేది. కొత్త ఆఫీసులో మళ్ళీ కాగితాలన్నీ ఇచ్చి, మళ్ళీ మొదట్నుంచి చెప్పుకున్నారు. ఆమె తప్పూ లేదు, వీళ్ళ తప్పూ లేదు. ఈసారి డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో చుట్టుపక్కల లక్షలమంది ఇలా మారారు. ఒక్కో నియోజకవర్గంలో దాదాపు 7 లక్షల 67 వేల మంది ఉంటారని మరిచిపోకండి.

2. సమస్య తెలిసిన మనిషిని తయారు చేసుకోవడానికి ఏళ్ళు పడుతుంది, పోగొట్టుకోవడానికి ఒక్క మ్యాపు చాలు.

గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్న పరిమితి వల్ల ఇండియాలో పుట్టినవాళ్ళు దశాబ్దాలు వరసలో నిలబడుతున్నారు. ఆ వరస ఏమిటో ఒక కొత్త సభ్యుడికి వివరించడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకు తెలుసు. ప్రయారిటీ డేట్ అంటే ఏమిటి, పిల్లలకు 21 ఏళ్ళు నిండితే ఏమవుతుంది, ఉద్యోగం మారితే ఏమవుతుంది, ఇవన్నీ ఒకటికి పదిసార్లు చెప్పాలి. అలా దేశమంతటా ఊరూరా చెబితేనే 2019 జులైలో ఆ పరిమితి ఎత్తేసే బిల్లు 365–65 ఓట్లతో అమెరికా ప్రతినిధుల సభ దాటింది. రెండు పార్టీలవాళ్ళూ వేశారు. అది చట్టం కాలేదు, పోరాటం ఇంకా ఉంది. ఆ విషయం నేర్చుకున్న సభ్యుడు మా ఓటుతో పోతే మాకు అభ్యంతరం లేదు, ఆయన పనికి అది మా తీర్పు. మా ఓటుకు సంబంధం లేకుండా పోతే మేము మళ్ళీ అ ఆల దగ్గర మొదలుపెట్టాలి. మా వరస సంగతి ఇది. పత్తి రైతులకు స్టెన్‌హోమ్‌తో జరిగిందీ ఇదే.

3. కోటలో కూర్చున్న సభ్యుడు వినడు.

నవంబర్‌లో ఓడిపోయే భయం ఉన్నవాడు టౌన్‌హాల్ పెడతాడు, గుడికొస్తాడు, ఉగాది సభకొచ్చి ఫొటో దిగినా కనీసం రెండు ప్రశ్నలు వింటాడు. 65 శాతంతో గెలిచేవాడికి ఆ అవసరం లేదు. ఇది మనుషుల మంచి చెడ్డల సంగతి కాదు. ఎవరి వల్ల ఉద్యోగం నిలుస్తుందో వాళ్ళ మాటే ఎవరైనా వింటారు. ఇప్పుడు ఆ ఉద్యోగం నిలబెడుతున్నది మ్యాపు గీసినవాళ్ళు, అంటే మీరు.

4. అసలు ఎన్నిక మార్చిలోనే అయిపోతోంది.

ఏ పార్టీ గెలుస్తుందో గీతలోనే తేలిపోతే మిగిలింది ప్రైమరీ ఒక్కటే. ప్రైమరీకి వచ్చేవాళ్ళు నవంబర్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఎవరికీ 50 శాతం దాటి రాకపోతే జరిగే రనాఫ్‌కు ఇంకా తక్కువ. మా తెలుగువాళ్ళలో చాలామంది నవంబర్‌లో శ్రద్ధగా ఓటేస్తారు, ప్రైమరీ వచ్చి వెళ్ళిన సంగతి కూడా తెలియదు. నిజానికి టెక్సస్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ చెప్పనక్కర్లేదు, ఏ ప్రైమరీలోనైనా ఓటేయొచ్చు. ఈ మాట మీ వైపు నుంచి ఎవరైనా మా భాషలో చెప్పారా?

5. ఎవరు మన సభ్యుడో తెలియకపోవడం. దీని గురించి ఎక్కువ చెప్పను. అయిదేళ్ళలో రెండు మ్యాపులు, మధ్యలో కోర్టు ఆపడం, మళ్ళీ తెరవడం. పేరు తెలియని మనిషిని జవాబు అడిగేదెలా?

మీరిచ్చే సమాధానాలు నాకు తెలుసు, వాటికీ జవాబు చెబుతాను.

రాజ్యాంగం మొదటి అధికరణం నాలుగో సెక్షన్ ఈ అధికారాన్ని రాష్ట్ర చట్టసభలకిచ్చింది అంటారు. నిజమే. జనగణనల మధ్యలో మార్చడం రాజ్యాంగ విరుద్ధం కాదని 2006లో మన టెక్సస్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది, అదీ నిజమే. పార్టీ లాభం కోసం గీస్తే ఫెడరల్ కోర్టులు జోక్యం చేసుకోవని 2019లో రూచో కేసులో 5–4తో తేల్చింది. అదే తీర్పులో, ఇది న్యాయంగా లేదని ఒప్పుకుంటూ, కమిషన్ల ద్వారా రాష్ట్రాలే సరిదిద్దుకోవచ్చని కూడా దారి చూపించింది. ఆ రెండో సగం మీరెప్పుడూ ఎత్తరు.

డెమొక్రాట్లు చేయలేదా అంటారు. చేశారు. మేరీల్యాండ్‌లో 6వ నియోజకవర్గాన్ని 2011లో డెమొక్రాట్లు తిరగరాశారు. ఇరవై ఏళ్ళుగా ఉన్న రిపబ్లికన్ రాస్కో బార్ట్‌లెట్‌కు 2010లో 61 శాతం వచ్చాయి, 2012లో 38 కూడా దాటలేదు. ఆ మ్యాపు మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు రూచోతో కలిపి తేలింది. మా హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో డెమొక్రాట్ ప్రైమరీలో పోటీ చేసిందీ ఆ నియోజకవర్గంలోనే. మా ఆడపడుచు పోటీ చేసింది కదా అని ఆ గీతను నేను సమర్థించను. కాలిఫోర్నియాలో 2001లో రెండు పార్టీలూ కూడబలుక్కుని సిట్టింగ్ సభ్యులందరికీ కంచెలు కట్టాయి. 2004లో అక్కడ కాంగ్రెస్, రాష్ట్ర సభలు కలిపి 153 సీట్లకు ఎన్నిక జరిగితే ఒక్కటంటే ఒక్క సీటు కూడా పార్టీ మారలేదు. దానికి విసిగే జనం 2008లో, 2010లో ఓటేసి స్వతంత్ర కమిషన్ తెచ్చుకున్నారు. కమిషన్ గీసిన మొదటి మ్యాపు మీద 2012లో లాస్ ఏంజలెస్‌లో హోవర్డ్ బర్మన్, బ్రాడ్ షెర్మన్ అనే ఇద్దరు డెమొక్రాట్ సిట్టింగ్ సభ్యులు ఒకరితో ఒకరు తలపడాల్సి వచ్చింది, ముప్ఫై ఏళ్ళ బర్మన్ ఓడారు. అక్కడా సిట్టింగ్ సభ్యుడు పోయాడు. కానీ ఆయన్ని పంపాలని ఎవరూ కూర్చుని గీయలేదు. సిట్టింగ్ సభ్యుల ఇళ్ళు ఎక్కడున్నాయో ఆ కమిషన్ చూడకూడదు.

మీరు 2025లో చేసినదానికి బదులుగా కాలిఫోర్నియా ఆ కమిషన్ మ్యాపును 2030 వరకు పక్కన పెట్టింది. నవంబర్ 4న 50వ ప్రతిపాదనకు జనం ఓటేశారు. అది కూడా నాకు బాధే. జనాన్ని అడిగి చేశారన్న తేడా ఉంది, జనానికి జరిగే నష్టంలో తేడా లేదు. మీరు మొదలుపెట్టారు కాబట్టి ఆపే బాధ్యతా మీదే. ఇండియానాలో ఇదే ఒత్తిడి వచ్చినప్పుడు రిపబ్లికన్ల ఆధిక్యం ఉన్న సెనేటే డిసెంబర్ 11న 31–19తో కాదంది. ఆ ధైర్యం టెక్సస్‌లో ఉండకూడదా?

మేము పుట్టిన దేశంలో ఈ పని ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. అక్కడా చాలా గొడవలున్నాయి, అంతా బాగుందనను. కానీ గీతలు గీసేది డీలిమిటేషన్ కమిషన్, దానికి అధిపతి సుప్రీంకోర్టు జడ్జిగా చేసినవారు. ఎంపీలు, ఎమ్మెల్యేలు సహసభ్యులుగా కూర్చుని సలహా చెప్పొచ్చు, ఓటు ఉండదు. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ 2008లో ఇచ్చిన ఆదేశంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మిర్యాలగూడ, హనుమకొండ, సిద్దిపేట, తెనాలి, బొబ్బిలి లోక్‌సభ స్థానాలు మాయమయ్యాయి. మల్కాజిగిరి, చేవెళ్ళ, భువనగిరి, జహీరాబాద్ లాంటివి కొత్తగా వచ్చాయి. కేంద్రమంత్రిగా ఉన్న జైపాల్ రెడ్డిగారి సొంత సీటు మిర్యాలగూడే పోయింది. ఆయన 2009లో చేవెళ్ళకు వెళ్ళి, కొత్త ఓటర్లను అడిగి గెలిచారు. అధికారంలో ఉన్న పార్టీ మంత్రి సీటు కూడా ఆగలేదంటే, పెన్ను పార్టీ చేతిలో లేదన్నమాట. మా ఊళ్ళలో పొలం గట్టు తగాదా వస్తే ఆసాములిద్దర్నీ పక్కన నిలబెట్టి సర్వేయరు చేతికి గొలుసిస్తారు. మేము మిమ్మల్ని అడుగుతున్నది అంతకంటే ఎక్కువేమీ కాదు.

అవి ఇవి:

ఒకటి. 2027 జనవరిలో మొదలయ్యే 90వ చట్టసభలో స్వతంత్ర పునర్విభజన కమిషన్ కోసం రాజ్యాంగ సవరణ పెట్టండి. దానికి ప్రతినిధుల సభలో 100 మంది, సెనేట్‌లో 21 మంది కావాలి, ఆ పైన జనం ఓటేయాలి. ఒక్క పార్టీతో అయ్యే పని కాదు, అందుకే మీ అందరికీ రాస్తున్నాను. నమూనాలు సిద్ధంగా ఉన్నాయి. కాలిఫోర్నియాది 14 మంది కమిషన్, ఏ పార్టీకీ చెందని 4గురితో. మిషిగన్‌ది 13 మంది, అందులో అయిదుగురు పార్టీలకు బయటివాళ్ళు. ఆయోవాలో చట్టసభకు పనిచేసే నిష్పక్షపాత సిబ్బందే గీస్తారు. సిట్టింగ్ సభ్యుల చిరునామాలు, ఓటర్ల పార్టీలు, పాత ఎన్నికల ఫలితాలు వాళ్ళు చూడకూడదని చట్టమే ఉంది. మిగతావన్నీ బేరమాడుకోండి, ఈ నిషేధం మాత్రం టెక్సస్ సవరణలో ఉండి తీరాలి.

రెండు. సవరణ ఆలస్యమైనా, కోర్టు ఆదేశిస్తే తప్ప జనగణనల మధ్య కాంగ్రెస్ మ్యాపు మార్చకూడదని మామూలు చట్టం ఆ సమావేశాల్లోనే చేయండి. సిట్టింగ్ సభ్యుణ్ణి కాపాడటానికైనా, దించటానికైనా.

మూడు. మ్యాపు ముందు, ప్రజాభిప్రాయం తర్వాత. కనీసం 30 రోజుల ముందు మ్యాపు, దాని వెనకున్న లెక్కలు అందరికీ తెరిచి పెట్టండి. ఆస్టిన్ రాలేనివాళ్ళు వీడియోలో మాట్లాడే వీలివ్వండి. జనం చెప్పినదాంట్లో ఏది తీసుకున్నారో, ఏది ఎందుకు తీసుకోలేదో రాసివ్వండి.

నాలుగు. నియోజకవర్గం మారిన ప్రతి ఇంటికీ పాత సభ్యుడి పేరు, కొత్త నియోజకవర్గం, ప్రైమరీ తేదీ ఉన్న కార్డు పోస్టులో పంపండి. డబ్బు లేదనకండి, ప్రత్యేక సమావేశాలకు దొరికింది. టెక్సస్ కాంగ్రెస్ సభ్యులు 38 మందీ, దరఖాస్తుదారు ఒప్పుకుంటే సగంలో ఉన్న ఫైళ్ళను కొత్త ఆఫీసుకు అప్పగించే పద్ధతి పెట్టుకోవాలని కూడా ఈ ఉత్తరం ద్వారా అడుగుతున్నాను.

ఇక మా తెలుగువాళ్ళకు రెండు మాటలు. మనం ఇక్కడ పార్టీల విందులకు, విరాళాలకు తక్కువేమీ చేయడం లేదు. మీ ఇంటికో, మీ సంఘం హాలుకో చట్టసభ అభ్యర్థి వస్తే, అతను ఏ పార్టీవాడైనా సరే, చెక్కు రాసేముందు అడగండి: స్వతంత్ర కమిషన్‌కు ఓటేస్తావా? అవునంటే ఆ మాట కాగితం మీద తీసుకోండి. కౌంటీ ఎన్నికల ఆఫీసు వెబ్‌సైట్లో మీ పేరు, పుట్టిన తేదీ ఇచ్చి మీ నియోజకవర్గం నంబరు చూసుకోండి, పాతదే అనుకోవద్దు. ఇంట్లో పౌరసత్వం ఉన్న పెద్దవాళ్ళది కూడా మీరే చూసిపెట్టండి. ప్రైమరీకి వెళ్ళండి.

గౌరవ సభ్యులారా, సవరణకు మీరు అనుకూలమా వ్యతిరేకమా, 2027 జనవరి సమావేశాలు మొదలయ్యేలోపు రాతపూర్వకంగా చెప్పండి. వచ్చిన జవాబులను, రానివాళ్ళ పేర్లను నియోజకవర్గాలవారీగా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మా వాళ్ళందరికీ పంపుతాం.

ఇట్లు,
కాలిన్ కౌంటీ నుంచి ఒక తెలుగు ఓటరు